కొలతల్లో లేని వాగు

ఆదివారం పేపరు వచ్చిందంటే సర్వేయరుగారింట్లో కాఫీ చల్లారిపోతుంది. ఆ రోజు చల్లారడమే కాదు, పైన మీగడ కూడా కట్టింది. పేపరుతోపాటు వచ్చిన రంగుల అనుబంధంలో నాలుగు పేజీల నిండా ఒకటే పాట: ఈ ప్రాంతంలోని పట్నాలకు మహర్దశ పట్టింది. రేవు పట్నానికి కొత్త ఓడరేవు, మిల్లుల పట్నానికి ఆరు వరసల రోడ్డు, కంప్యూటర్ల పట్నానికి మెట్రో రైలు. అద్దెలు ఎక్కడ ఎంత పెరిగాయో, గజం ధర ఎన్ని రెట్లయిందో, బయటి కంపెనీలు ఎందుకు వరస కడుతున్నాయో బాణం గుర్తులతో సహా వేశారు. బాణాలన్నీ పైకే చూస్తున్నాయి.

సర్వేయరుగారు ఉంటున్న ఊరు ఆ మూడు పట్నాలకూ సరిగ్గా మధ్యలో ఉంది. మూడింటికీ ఇక్కణ్ణుంచి బస్సులు వెళ్తాయి. పేపర్లో వేసిన మ్యాపులో మాత్రం ఈ ఊరికి చుక్క కూడా పెట్టలేదు.

"కాఫీ తాగుతారా, పారబొయ్యనా?" అంది భార్య వంటింట్లోంచి.

"పారబొయ్యి. మన బతుకే..." అని సగంలో ఆపేశాడాయన.

"పదకొండుకల్లా చెల్లి వాళ్ళు వస్తున్నారు. అమ్మని కూడా తీసుకొస్తున్నారు. కాస్త ఆ మొహం మార్చుకోండి."

ఆ మొహం మారడం అంత తేలికైన పని కాదు. ఇరవై ఏడేళ్ళుగా ఆయన నలుగురి నేలలూ కొలిచి పెట్టాడు. హద్దు దగ్గర ఆయన మాటకు తిరుగులేదు. అత్తగారింట్లోనూ అంతే. ఏ కాగితం వచ్చినా "పెద్దల్లుడికి చూపించండి" అనేది ఆవిడ. అలాంటి పెద్దల్లుడికి ఈ మూడు గదుల పాత ఇల్లు తప్ప జానెడు జాగా లేదు. చిన్నల్లుడు చూడబోతే అపార్టుమెంట్లలో ఫాల్స్ సీలింగు పని చేసేవాడు. పదో తరగతి గట్టెక్కలేదు. అలాంటివాడు ఇప్పుడు రేవు పట్నంలో ముప్ఫై మందికి పని ఇస్తున్నాడు. అక్కడ కొత్త ఫ్లాటు లేచిందంటే దాని నడినెత్తిన ఇతగాడి జిప్సం బోర్డు ఎక్కాల్సిందే.

అసలు మంట అది కూడా కాదు. పన్నెండేళ్ళ కిందట రేవు పట్నం చివర ముళ్ళపొదల్లో రెండు ప్లాట్లు పక్కపక్కనే అమ్మకానికొచ్చాయి. వాటిని కొలిచి, "కళ్ళు మూసుకుని కొనుక్కో" అని చిన్నల్లుడికి చెప్పింది ఈయనే. రెండోది తను తీసుకుందామనుకుని, ఇంకాస్త తగ్గాక చూద్దాంలే అని ఆగాడు. అది తగ్గలేదు. ఇప్పుడు దాని మీద ఎవరో ఐదంతస్తులు లేపారు. చిన్నల్లుడు కొన్నదాని ధర పదిహేను రెట్లయింది. చూపించింది నేను, కొన్నది వాడు! ఈ ఒక్క మాట పన్నెండేళ్ళుగా ఆయన గొంతులో చేపముల్లులా ఇరుక్కుపోయింది.

ఇక మొన్న బుధవారం సంగతి. ఆ పాత ప్లాటు అమ్మేసి, ఉన్నదంతా పోగుచేసి, కొత్త రేవు రోడ్డు పక్కన ఒక పెద్ద మూల స్థలం కొనబోతున్నాడు చిన్నల్లుడు. కింద షోరూము, పైన ఇల్లు. సోమవారం రిజిస్ట్రేషను. తను అన్నయ్యా అని పిలిచే తోడల్లుడు కొలిస్తేగాని బయానా ఇవ్వనని పట్టుబట్టి, ఈయన బస్సులో వస్తానన్నా వినకుండా కారు పంపించాడు.

సర్వేయరుగారికో అలవాటు ఉంది. టేపు తియ్యకముందు నేలంతా ఒకసారి కాలినడకన తిరుగుతాడు. హద్దురాయి అబద్ధం చెప్పొచ్చుగానీ గడ్డి చెప్పదంటాడు. ఆ రోజూ తిరిగాడు. చదును చేసి రోలరుతో తొక్కించిన ఎర్రమట్టిలో ఏటవాలుగా ఒకే వరసలో తుంగ మొలిచి ఉంది. అడుగున నీళ్ళు లేనిచోట తుంగ మొలవదు. వెంట తెచ్చుకున్న పాత పటం విప్పి చూస్తే అనుమానం తీరిపోయింది. అక్కడ నలభై అడుగుల వాగు ఉండేది. దాన్ని పూడ్చి ప్లాట్లు చేశారు. అది సర్కారు భూమి. ఇంటికి అనుమతి రాదు, వచ్చినా మొదటి పెద్దవానకు వాగు తన దారి తాను చూసుకుంటుంది.

చెబుదామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే చిన్నల్లుడు చెయ్యి చాపి, "ఇక్కడ షోరూము అన్నయ్యా. అదిగో, ఆ మూల లిఫ్టు" అన్నాడు.

లిఫ్టు! సర్వేయరుగారి నోరు దానంతటదే మూసుకుపోయింది. హద్దురాయి మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, కొలిచి, కాగితం రాసిచ్చాడు: నాలుగు వైపులా కొలతలు సరిగా ఉన్నాయి. నిజంగానే అంగుళం తేడా లేదు. నేను అబద్ధం రాయలేదు కదా అని నాలుగు రోజులుగా తనకు తాను చెప్పుకుంటున్నాడు. చెప్పుకున్న కొద్దీ నిద్ర మాత్రం పట్టడం లేదు.

పదకొండింటికి సందునిండా పట్టే కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. ముందు అత్తగారు దిగింది. ఆవిడ వెనక మరదలు, పళ్ళ బుట్టతో. ఆఖర్న చిన్నల్లుడు, చేతిలో తాళాలు ఆడించుకుంటూ.

"ప్రాణం సుఖంగా ఉందనుకో" అంది అత్తగారు కుర్చీలో కూర్చుంటూ. "లోపల చల్లగా, కుదుపనేది లేదు. మా చిన్నల్లుడి పుణ్యమా అని ఈ వయసులో ఈ భోగం."

"అదృష్టవంతులు" అన్నాడు సర్వేయరుగారు పేపరు మడుస్తూ. ఆ మాట అన్నప్పుడు పళ్ళు కొంచెం బిగుసుకున్నాయి.

"అవునుగానీ, కొత్త స్థలం పటం గీశావటగా నాయనా? నాకూ చూపించు. కట్టినాక చూస్తానో లేదో."

"నేను తెస్తానుండమ్మా" అని భార్య పక్కగదిలోకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. తర్వాత ఆమె గొంతు మాత్రం వచ్చింది. "ఏమండీ, ఒక్కసారి ఇలా వస్తారా?"

ఆయన వెళ్ళేసరికి ఆమె చేతిలో ఆయన కొలతల పుస్తకం తెరిచి ఉంది. తలుపు ఓరగా మూసింది.

"ఏంటిది?"

"ఏది?"

"ఈ నీలం గీత. పెళ్ళయిన కొత్తలో మీ పటాలకి సిరా దిద్దింది నేనే. నీలమంటే నీళ్ళని నేర్పింది మీరే. వాళ్ళకిచ్చిన కాగితంలో ఇది లేదు. చెల్లి నాకు ఫోన్లో పంపింది, చూశాను."

"కొలవమన్నారు, కొలిచాను. వాగుందా అని అడిగారా?"

"అడగాలా?"

"ఎందుకడుగుతాడు, అంత తెలివైనవాడు! పట్టిందల్లా బంగారమేగా. ఒక్కసారి దెబ్బ తగిలితే తెలిసొస్తుంది."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "మీ కడుపుమంట చల్లారడానికి నా చెల్లెలి కొంప ముంచుతారా?"

"మెల్లగా! నీకేం తెలుసు? ఆ కారు మన సందులోకి వచ్చిన ప్రతిసారీ నాకెలా ఉంటుందో నీకేం తెలుసు?"

"తెలీకేం? అది మెళ్ళో కొత్త గొలుసు వేసుకొచ్చిన ప్రతిసారీ నాకూ గుచ్చుకుంటుంది. తోడబుట్టిందైనా సరే, గుచ్చుకుంటుంది. గుచ్చుకుందని దాని పీక పిసుకుతానా?" ఆమె పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది. "నేను చెప్పను. నేను చెప్తే ఇంక జన్మలో మీరు వాళ్ళ మొహం చూడలేరు. మీరే చెప్పండి. రేపు పొద్దున్న వరకు చూస్తాను. ఆ తర్వాత నా చెల్లెలు నాకు ముఖ్యం."

చెప్పడమంటే మాటలా? బుధవారమే ఎందుకు చెప్పలేదంటారు. దానికి జవాబు ఒక్కటే ఉంది, అది నోటితో పలికేది కాదు. ఇంకేదైనా ఉపాయం దొరక్కపోతుందా అనుకుంటూ ఆయన ముందుగదిలోకి వచ్చాడు. ఇప్పుడే పటం చూశాను, ఇప్పుడే అనుమానం వచ్చింది అంటే సరిపోతుందేమో. అలా అయితే మర్యాద దక్కుతుంది, పీడా విరగడవుతుంది.

"అన్నయ్యా, రెండు నిమిషాలు బయటికొస్తారా?" అన్నాడు చిన్నల్లుడు.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. చిన్నల్లుడు గుమ్మంకేసి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"వదిన కంగారు పడుతుందని లోపల అనలేదు. బుధవారం మీరు ఆ రాయి మీద కూర్చున్నప్పుడు మీ మొహం చూసి భయమేసిందన్నయ్యా. చెమటలు పట్టేశాయి, రంగు మారిపోయింది. ఆ రోజు నుంచీ నాకు మనసు మనసులో లేదు. అందుకే వచ్చాం ఇవాళ."

"ఇవాళ... స్థలం కొంటున్న సంబరానికి కదా?"

"సంబరమా పాడా! మాకు తెలిసిన గుండె డాక్టరు ఒకాయన ఉన్నాడు, ఆయన ఆసుపత్రికి సీలింగు నేనే వేశాను. రేపు పదింటికి చూస్తానన్నాడు. సాయంత్రం మాతోనే బయల్దేరండి."

"రేపు నీ రిజిస్ట్రేషను కదరా."

"మధ్యాహ్నానికి మార్పించా. స్థలం ఎక్కడికి పోతుంది?"

సర్వేయరుగారు మెట్టు మీద కూర్చుండిపోయాడు. అందంగా అల్లుకున్న అబద్ధం నోటిదాకా వచ్చింది. పైకి రాలేదు.

"ఆ స్థలం కొనకు తమ్ముడూ. దాని కింద వాగుంది. పూడ్చేశారు."

"వాగా? ఎప్పుడు తెలిసింది?"

"బుధవారమే. నువ్వు లిఫ్టు చూపిస్తున్నప్పుడే తెలుసు."

గుమ్మంలో ఎవరో ఆగినట్టయింది. మరదలు. చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉంది. "నిన్న నేను ఫోన్ చేసి అడిగితే బాగుందన్నారే, బావగారూ?"

"అన్నాను."

"ఎందుకలా?"

"ఓర్వలేక" అన్నాడాయన. ఒక్క మాట. అంత బరువైన మాట ఆయన జన్మలో మోసి ఎరగడు. "నాకు ఏ జబ్బూ లేదమ్మా. ఆ రోజు కూలబడింది గుండెపోటుతో కాదు. మీరు బాగుపడుతుంటే చూడలేక."

చిన్నల్లుడు మెట్లు దిగి, కారు దాకా వెళ్ళి, దాని మీద చెయ్యి ఆనించి అటు తిరిగి నిలబడ్డాడు. ఫోన్ తీశాడు. "రేపు రావడం లేదండీ... లేదు, కొనడం లేదు... బయానా సంగతి తర్వాత మాట్లాడదాం" అనడం వినిపించింది. ఆ బయానా ఇచ్చింది సర్వేయరుగారి కాగితం చూసుకునే. అది తిరిగి వస్తుందో రాదో తెలీదు.

అతను తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకెవరైనా అయితే కొట్టేవాణ్ణన్నయ్యా" అన్నాడు.

"కొట్టు."

"ఎలా కొడతాను? నేనేం తక్కువ తిన్నానా? ఈ ఇంటికి అల్లుడై వచ్చిన రోజు నుంచి వింటున్నాను, పెద్దల్లుడికి చూపించండి, పెద్దల్లుణ్ణి అడగండి. నా పెళ్ళాం కూడా నా మాట నమ్మదు, మీరు ఊఁ అనాలి. కారులో వచ్చినా, కాలినడకన వచ్చినా నేను సీలింగోడినే. మిమ్మల్ని చూసి ఏడ్చి ఏడ్చే కొన్నాను నేను స్థలాలు." అతను మెట్టు మీద పక్కనే కూర్చున్నాడు. "డాక్టరు దగ్గరికి మాత్రం రేపు వస్తున్నారు."

"జబ్బు లేదన్నానుగా."

"ఉందిగా, ఇప్పుడే చెప్పారు. ఆ ఒక్కటీ డాక్టరుకి చెప్పకండి, మిగతావన్నీ చూపించుకుందాం."

నవ్వబోయి సర్వేయరుగారు భోరుమన్నాడు. యాభై దాటిన మనిషి, పట్టపగలు, సందులో జనం నడుస్తుండగా, తోడల్లుడి భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. లోపల అత్తగారు ఏమైందే ఏమైందే అని అడుగుతూనే ఉంది. "ఏం లేదమ్మా, లెక్క తేలింది" అంది పెద్దకూతురు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

భోజనాల దగ్గర సర్వేయరుగారు చెయ్యి కడుక్కుని కూడా పీట మీద కూర్చోకుండా తటపటాయిస్తుంటే, మరదలే కంచం తెచ్చి ముందు పెట్టింది. అన్నం వడ్డించింది, కూర వేసింది. ఆయన తలెత్తలేదు.

"తినండి బావగారూ. నా కోపం పోలేదు. పోయినప్పుడు నేనే చెప్తాను."

"ఎప్పుడు పోతుందమ్మా?"

"ఏమో. అందాకా మాత్రం రాకుండా ఉండకండి" అందామె, ఇంకో గరిటె కూర వేస్తూ.