ఒంటివేడికి గడ్డకట్టే మందు

మందు సీసాలను ఆస్పత్రికి చేర్చాల్సిన కొరియర్ రిదాను ల్యాబ్ గేటు దాటకముందే కాల్చేశారు. సైలెన్సర్ పిస్టల్. పట్టపగలు, ట్యునీషియాలోని స్ఫాక్స్ నగరం నడిబొడ్డున.

గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ మొఖ్తార్ ఫోన్లో కోడ్ మాట ఒక్కటే చెప్పాడు. "పడవ మునిగింది." అంటే ఇక భారమంతా ఏజెంట్ హాజర్‌దే. కొన్ని నెలలుగా ఆమె అదే ల్యాబ్‌లో అసిస్టెంట్ వేషంలో ఉంది.

డాక్టర్ మోంజియా అక్కడ తయారుచేసిన పెప్టైడ్ జెల్ చల్లగా ఉన్నంతసేపూ నీళ్ళలా పారుతుంది. ఒంటివేడి తగిలిందా, జున్నులా గడ్డకట్టి కారే రక్తాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో ఒక జాలరి కాలేయం మీది కణితిని కోసి తీయబోతున్నారు. చూడడానికి విదేశీ సర్జన్లు దిగారు. వాళ్ళ ముందు జెల్ విఫలమైతే ల్యాబ్ మూతపడుతుంది, దాన్ని కారుచౌకగా కొట్టేయాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. ముఠా మనిషి వెర్నర్ బేరానికి వచ్చినప్పుడు మోంజియా కూర్చోమని కూడా అనలేదు.

"మావాళ్ళ రక్తం ఆపడానికి చేసుకున్నది బాబూ ఇది. నీ దేశం మొత్తం అమ్ముకొచ్చినా ఇవ్వను."

జెల్ సీసాలతో హాజర్‌ను ఆస్పత్రికి చేర్చడానికి చీఫ్ సిరీన్‌ను పంపాడు. పైకి విదేశీ సర్జన్లకు దుబాసీ, లోపల డిపార్ట్‌మెంట్ ఏజెంట్. పట్టు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, నడిచి వస్తుంటే వీధి వీధంతా తల తిప్పే అందం. డిపార్ట్‌మెంట్ పంపిందంటూ ఆమే ఒక కొత్త కోల్డ్ బాక్స్ తెచ్చింది.

కారు కొంతదూరం పోయాక, ఒళ్ళో ఉన్న బాక్స్ అడుగు హాజర్ తొడలకు వెచ్చగా తగిలింది. లోపల హీటర్ దాచారు. రిదాను ఎందుకు చంపారో అప్పుడు అర్థమైంది: సీసాలు ఈ కారే ఎక్కాలి.

"కారు ఆపించు అక్కా," అంది హాజర్.

కారు ఆగింది కానీ, డ్రైవర్ పిస్టల్ ఇటు తిరిగింది. సిరీన్ బాక్స్ లాక్కుని ఒక సీసా తలకిందులు చేసి చూసింది. జెల్ కదల్లేదు. సీసాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పడేసి హాజర్ చేతికిచ్చింది.

"పట్టుకెళ్ళు. నా పేరు చెప్పుకో, నమ్మేదెవరు? మందు చెడగొట్టుకుని నా మీద తోస్తున్నావంటారు."

"రిదా ఉప్పు తిన్నదానివి నువ్వు. పొద్దుగూకేలోగా నీ చేతులకు బేడీలు వేస్తాను."

"ముందు ఆ జున్ను సంగతి చూసుకో చెల్లీ," అని నవ్వి సిరీన్ వెళ్ళిపోయింది.

చల్లబరిస్తే ఆ జున్ను మళ్ళీ నీళ్ళవుతుందని సిరీన్‌కు తెలియదు. మోంజియా గడ్డకట్టిన సీసాలను ఐసులో పెట్టి కరిగించడం హాజర్ ఎన్నోసార్లు చూసింది. ఎదురుగా చేపల మార్కెట్. పరుగున పోయి, ఒక ముసలామె తొట్టిలో ఆక్టోపస్‌ల కింద సంచిని దూర్చింది.

"నా ఐసులో ఏం దాస్తున్నావే పిల్లా?"

"ఒక జాలరి ప్రాణం, అవ్వా."

ముసలామె ఆక్టోపస్‌లను ఎండలోకి నెట్టి, ఐసంతా సీసాల మీదికి ఎత్తిపోసింది. హాజర్ అక్కడి నుంచే చీఫ్‌కు ఫోన్ చేసి, జరిగింది చెప్పింది. జెల్ మళ్ళీ నీళ్ళవగానే, ఐసుతో సహా సంచి ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది.

ఆపరేషన్ థియేటర్లో మోంజియా చూస్తుండగా సర్జన్ అప్పటికే కోత పెట్టేశాడు. రక్తం ఊరుతోంది. అద్దాల వెనక విదేశీ సర్జన్ల మధ్య వెర్నర్, పక్కనే సిరీన్, ఓటమిని కళ్ళారా చూద్దామని వచ్చి కూర్చున్నారు. తలుపు తోసుకుని వచ్చిన హాజర్ దగ్గర్నుంచి నర్సు సీసాలు అందుకుని, శుభ్రంగా తుడిచి సర్జన్‌కు ఇచ్చింది. జెల్ నీళ్ళలా జారింది. కాలేయం మీద పడి బిగుసుకుంది. రక్తం ఆగింది.

విదేశీ సర్జన్లు లేచి నిలబడ్డారు. సిరీన్ కూడా లేచింది, కానీ వెనక మొఖ్తార్ మనుషులున్నారు. హాజర్ వెళ్ళి తన చేత్తోనే ఆమెకు బేడీలు వేసింది.

చివరి కుట్టు వేశాక సర్జన్ ముక్కు చిట్లించాడు. "మందు అద్భుతం డాక్టరమ్మా. కానీ ఈ చేపల వాసనేమిటి?"

తిరిగొచ్చి తలుపు దగ్గర నీళ్ళోడుతూ నిలబడ్డ హాజర్‌ను చూసి మోంజియా అంది: "అది మా పేటెంట్‌లో లేదులెండి."