తొమ్మిది వేల ఆరు వందల చుక్కలు

"పొద్దుగూకి, ఉపవాసం విడవమని ఇఫ్తార్ ఫిరంగి మోగగానే రిఫాత్‌ని కాల్చేస్తారు," అన్నాడు కల్నల్ ఫహ్మీ. "ఆ మోతలో తుపాకీ చప్పుడు కలిసిపోతుంది. ఆ నిమిషాన కైరో వీధుల్లో పిల్లి కూడా తిరగదు. ఎక్కడ దాచారో ఇందులో ఉంది. చదువు."

ఏజెంట్ ముంతసిర్ చేతికి వచ్చింది ఒక నెగెటివ్. రిఫాత్‌ని ఎత్తుకుపోయిన విదేశీ ముఠా కొరియర్ బూటు మడమలో దొరికింది. చూడ్డానికి పెళ్ళి ఫోటో. పెళ్ళికూతురి మెడలోని ముత్యం మీద అడ్రసు రాశారని కొరియర్ ఒప్పుకున్నాడు. అంతకుమించి వాడికేమీ తెలియదు.

రిఫాత్ సాటి ఏజెంట్ మాత్రమే కాదు, ముంతసిర్ చెల్లెలి మొగుడు.

స్కానర్ గదికి పరుగెత్తుతుంటే వరండాలో పాత ఎన్‌లార్జర్ మోకాలికి ఠంగుమని తగిలింది. "దీని దుంపతెగ!" నెగెటివ్‌ని లెన్సుతో గోడ మీద పెద్దది చేసి చూపించే ఇనప మొద్దు అది. సర్కారు సామాను. ఎవరి సంతకం మీద ఉందో ఆ మనిషే వచ్చి అప్పగించాలి, అప్పటిదాకా పారేయడానికి లేదు. ఆ మహానుభావుడు పోయి చాలా ఏళ్ళయింది. అందుకని బాత్రూముకి అడ్డంగా అలాగే పడి ఉంది.

స్కానర్ ముందు నెవీన్ కూర్చుంది. ఆఫీసుకి ఫోటో నిపుణురాలు. పట్టు స్కార్ఫు, గదంతా మల్లె సెంటు.

"కంగారు పడకండి ముంతసిర్ గారూ. తొమ్మిది వేల ఆరు వందల డీపీఐ! అంగుళానికి అన్ని చుక్కలు. చీమ కనుబొమ్మ కూడా దొరుకుతుంది."

స్కానర్ నత్తలా పాకింది. తెర మీద ముత్యం వచ్చింది. పెద్దగా, తెల్లగా, అలికేసినట్టు. ఒక్క అక్షరం లేదు.

"మళ్ళీ!"

మళ్ళీ అదే గంజి. "గాజు తుడిచి ఇంకోసారి చూద్దాం," అంది నెవీన్ తీరిగ్గా.

ఫోన్ మోగింది. చెల్లెలు ఇహ్సాన్.

"అన్నయ్యా, ఆయన ఫోన్ ఎత్తట్లేదు. పప్పు సూపు కాచాను. నీతోనే ఉన్నారా?"

"ఆఁ... ఇక్కడే, నా పక్కనే ఉన్నాడమ్మా."

అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాడు. కిటికీలో ఎండ ఎర్రబడుతోంది. ఏం చేయాలో తోచలేదు. తలవంచితే బల్ల కింద స్కానర్ అట్టపెట్టె కనిపించింది. ముందువైపు అరచేయంత అంకె. అడుగున చీమతలంత అక్షరాలు: అసలు సెన్సర్, ఇరవై నాలుగు వందలు. అంటే సెన్సర్ నిజంగా చూసేది అంతే. మిగతా చుక్కలన్నీ పక్క చుక్కల్ని చూసి యంత్రం ఊహించి నింపేవి! కొనుగోలు కమిటీ పెట్టెని తిరగేసి చూసిన పాపాన పోలేదు.

"నెవీన్, దీన్ని కొనమంది ఎవరు?"

"కమిటీ అండీ."

"కమిటీకి చెప్పింది ఎవరు?"

నెవీన్ స్కార్ఫు సర్దుకుంది.

"మన సెన్సర్‌కి అందనంత చిన్నగా రాశారు. ఎంత చిన్నగా రాయాలో వాళ్ళకెలా తెలిసింది?"

ఆమె చెయ్యి లిప్‌స్టిక్ మీదికి వెళ్ళింది. ముంతసిర్ మణికట్టు మెలేశాడు. లిప్‌స్టిక్ కింద పడి, సన్నని విషపు సూది బయటికొచ్చింది.

"ఇప్పుడు తెలిసి ఏం లాభం?" నవ్వింది నెవీన్. "సూర్యుడు దిగేలోపు ఏ యంత్రం తెస్తావు?"

కాపలావాళ్ళు ఆమెని తీసుకెళ్ళారు. ఆమె అన్నది నిజమే. ముంతసిర్ కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. మోకాలు సలుపుతోంది. చేత్తో రుద్దుకున్నాడు.

మోకాలు!

ఎన్‌లార్జర్‌ని బాత్రూములోకి ఈడ్చి, తలుపు మూసి, దీపం వెలిగించాడు. గోడ మీద ముత్యం పళ్ళెమంత అయింది. దానిలో అక్షరాలు తేలాయి: సయ్యిదా జైనబ్, కంచరి సందు, మూడో అంతస్తు. పాపం, పాతదానికి ఊహించడం రాదు. ఫిల్మ్‌లో ఉన్నదే చూపిస్తుంది.

ఆ పేట పోలీసులకి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. అందరూ విస్తరి ముందే! సందు రెండు వీధుల అవతలే. పరుగెత్తాడు. ఆ ఇంటి కిందే పేదల ఇఫ్తార్ బల్లలు వేశారు. వీధి పొడవునా జనం, చేతిలో ఖర్జూరాలు పట్టుకుని ఫిరంగి కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. ముంతసిర్‌కి మూడంతస్తులు ఎక్కే ఊపిరి లేదు.

"దొంగ!" అని గొంతు చించుకున్నాడు. "మూడో అంతస్తులో దొంగ!"

"ఈ వేళప్పుడా? వీడమ్మ కడుపు కాలా!"

పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని వీధి మొత్తం మెట్ల మీద పడింది. అందరికంటే ముందు వంటవాడు, చేతిలో సూపు గిన్నెతో సహా. వెనక పడిపోయిన ముంతసిర్ ఇంకా మెట్ల మీద ఉండగానే ఫిరంగి మోగింది.

ఆ మోతలో ఇంకో మోత కలిసిందో లేదో తెలియలేదు. గోడ పట్టుకుని ఎక్కాడు.

విరిగిన తలుపు లోపల తుపాకీవాడు పదిమంది కింద ఉన్నాడు. తూటా పైకప్పులో ఉంది. గిన్నె వాడి నెత్తి మీద ఉంది, సూపు అందరి మీదా ఉంది. కుర్చీకి కట్టేసిన రిఫాత్ కళ్ళు మిటకరిస్తున్నాడు.

"బావా!" అని అరిచాడు ముంతసిర్.

ఫోన్ మోగింది. "పక్కనే ఉన్నారన్నావుగా, ఆయనకియ్యి," అంది ఇహ్సాన్ కోపంగా.

ముంతసిర్ ఫోన్‌ని రిఫాత్ చెవికి ఆనించాడు.

"ఆఁ, పక్కనే ఉన్నానే," అన్నాడు రిఫాత్, గడ్డం మీంచి కారుతున్నది నాలుకతో అందుకుంటూ. "సూపా? ఇక్కడే అయిపోయిందిలే. ఉప్పు కాస్త తక్కువైంది."