ఫ్యాన్ ఆపే ఆరు బైట్లు

"నాలుగింటికి గాలి పంపే ఫ్యాన్ ఆగితే గని అడుగున పదిహేడు మంది ఊపిరాడక పోతరు."

జనగామ స్టేషన్ వెనక అద్దె గదిలో ఇంటెలిజెన్స్ చీఫ్ వెంకట్రాం నిలబడే ఈ మాట చెప్పాడు. 2011 అక్టోబరు. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనులూ సమ్మెలో ఉన్నారు. రైళ్ళు లేవు, బస్సులు లేవు.

"సమ్మెల గనికి ఎవరు దిగిన్రు సార్?" అంది ఏజెంట్ ద్వాళి.

"నీళ్ళు తోడేటోళ్ళు. వాళ్ళు దిగకపోతే భూపాలపల్లి గని మునుగుతది. శవాలు లేస్తే నింద సమ్మె మీద పడుతది, గని మూతపడుతది, విదేశీ బొగ్గు అమ్ముకునే ఆల్బట్రాస్ ముఠా ఓడలు దిగుతయి. పొద్దున మహబూబాబాద్ లాడ్జిల వాళ్ళ మనిషి దొరికిండు. నిన్న ఫ్యాన్‌ను పది సెకన్లు ఆపి చూసిన కంప్యూటర్ హార్డ్‌వేర్ అడ్రస్ వాని కాడి లాగ్ ఫైల్ల ఉంది, ఇయ్యాల నాలుగింటికి మళ్ళా ఆపుతరని కూడ. ఆరు బైట్లు, ఏ కంప్యూటర్‌ది దానికే. నిన్నటి నుంచి గని కాడనే ఉన్న మన కంప్యూటర్ నిపుణురాలు సాహితి సరిచూస్తే ఫ్యాన్ ఆపరేటర్ బిక్షపతిదని తేలింది. అతణ్ణి గదిల పెట్టి తాళమేసి, కంప్యూటర్ పీకేసిన్రు."

"మరి అయిపోయినట్టే గద?"

"అయిపోయింది. కానీ నాకు మనసు నిలుస్తలేదు. పోయి చూడు."

ద్వాళిది పెద్దవంగర దగ్గరి తండా. కూలికి పోయే మనిషిలా చీర కట్టి, చేత టిఫిన్ క్యారియర్ పట్టి బైకు వెనక ఎక్కింది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర సమ్మె చేసేవాళ్ళు రోడ్డు మీదే వంటా వార్పూ పెట్టారు. "తినకుండ పోనియ్యం బిడ్డా" అంటూ ఒకామె పై గిన్నెలో అన్నం నింపింది. కింది గిన్నెలో చిన్న కంప్యూటర్ ఉందని ఆమెకు తెలియదు.

గని ఆఫీసు చేరేసరికి మూడూ నలభై. నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి సాహితి నవ్వింది. డిపార్టుమెంటు మొత్తానికి అందగత్తె, కోడ్ రాయడంలో దిట్ట.

"చీఫ్ పంపింది మిమ్మల్నేనా? తండా నుంచి వచ్చి సీ భాషలో ప్రోగ్రాం చదువుతారా? బాగుంది."

పక్క గదిలోంచి తలుపు దబదబా మోగింది. "నన్ను లోపలేస్తే ఫ్యాన్ కాడ ఎవరుంటరు? మనుషులేనా మీరు!" బిక్షపతి గొంతు.

ద్వాళి లాగ్‌తో పోల్చే సాహితి ప్రోగ్రాంకు బిక్షపతి అడ్రస్ ఇచ్చింది. సరిపోయింది అంది. తన కంప్యూటర్ అడ్రస్ ఇచ్చింది. సరిపోయింది. ఊరికే నోటికొచ్చిన అంకెలు కొట్టింది. అదీ సరిపోయింది.

ఆమె కోడ్ తెరిచింది. బైట్లను అక్షరాలుగా మార్చే ఈథర్ ఎన్‌టోఏ ఫంక్షన్‌ను ఒకే లైన్లో రెండుసార్లు పిలిచి, వచ్చిన రెంటినీ పోల్చారు.

"ఈ ఫంక్షన్ దగ్గర ఉన్నది ఒక్కటే పలక మేడం. మొదటి అడ్రస్ రాస్తది. రెండోది అడగంగనే తుడిచి అదే పలక మీద రాస్తది. మీరు ఒక్క పలకనే రెండుసార్లు చూసి ఒక్కతీరుగున్నయంటున్నరు."

"పొరపాటు జరిగి ఉంటుంది" అంది సాహితి. చూపు గడియారం మీదికి పోయింది. మూడూ యాభై రెండు.

ద్వాళి ఆ లైను కొట్టేసింది. గని కంప్యూటర్ల జాబితాలో అక్షరాలుగా ఉన్న ఒక్కో అడ్రస్‌ను ఈథర్ ఏటోఎన్‌తో బైట్లుగా మార్చి, లాగ్‌లోని ఆరు బైట్లతో మెమ్‌సీఎంపీ పెట్టి బైటుకు బైటు నేరుగా పోల్చింది. బిక్షపతిది కలవలేదు. ఎవరిదీ కలవలేదు. జాబితాలో లేనిది, ఇప్పుడు గని నెట్‌వర్క్‌లో ఉన్నది ఒక్కటే మిగిలింది. దాన్నీ పోల్చింది.

ఆరుకు ఆరు.

అది సాహితి ముందున్న ల్యాప్‌టాప్.

సాహితి పిస్టల్ తీసింది. "చేతులు పైకి. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, నాలుగింటికి ఈ ల్యాప్‌టాప్ తనే ఫ్యాన్ ఆపుతుంది."

ద్వాళి అన్నం గిన్నె ఆమె ముఖాన విసిరింది. పిస్టల్ పైకప్పులోకి పేలింది. ద్వాళి ఆమె మణికట్టు విరిచి నేలకు నొక్కి, పిస్టల్ లాక్కుంది. ల్యాప్‌టాప్‌కు కేబుల్ జిగురుతో అతికించి ఉంది, ఊడలేదు. గోడకున్న నెట్‌వర్క్ పెట్టెలో కేబుళ్ళు వేలాడుతున్నాయి, అన్నీ నీలం రంగే.

"బిక్షపతన్నా! ఈ రూం కేబుల్ ఏది?"

"పదకొండోది! కింది వరుస!" తలుపు వెనక నుంచి అరిచాడు.

మూడూ యాభై తొమ్మిది దాటి యాభై ఎనిమిది సెకన్లు. ద్వాళి పదకొండోది పీకింది. నాలుగైంది. కిటికీ బయట ఫ్యాన్ హోరు ఆగలేదు.

తలుపు తీయగానే బిక్షపతి ఒక్క ఉరుకున ఫ్యాన్ మీటర్ల దగ్గరికి పోయి చూసుకున్నాడు. అప్పుడుగానీ నిలబడలేదు. ద్వాళి చీఫ్‌కు జరిగింది చెప్పి ఫోన్ అతని చెవికి పెట్టింది.

"బిక్షపతీ, డిపార్టుమెంటు తరఫున క్షమాపణ చెప్తున్న" అన్నాడు వెంకట్రాం.

"ఇప్పుడొద్దు సార్" అన్నాడు బిక్షపతి. "సమ్మె అయినంక ఆఫీసులు తెరుస్తరు గద, అప్పుడు కాయితం మీద రాసి పంపున్రి."