మురుగు రేవులో బాప్తిస్మం

డెబ్భై నాలుగు జూన్. బందరు కాలువకు నీళ్ళు వదిలి వారమైంది. ఆదివారం పొద్దున్నే మా సంఘం వాళ్ళం ఇరవై మందిమి పాటలు పాడుకుంటూ కట్ట మీద నడుస్తున్నాం. నా పేరు అబ్రహాము. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే వడ్రంగిని, సంఘంలో పెద్దను. ఆ రోజు బాప్తిస్మం మా అమ్మాయి జీవరత్నానికే. దానికి పదిహేడేళ్ళు.

ఎగువన మంచి రేవు ఉంది. నీళ్ళూ తేటగా ఉంటాయి. కానీ అది ఇంకో సంఘం వాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళ పెద్ద సొలొమోనుకూ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు. అక్కడ దిగాలంటే అతన్ని అడగాలి. నేను అడుగుతానా? ఊరి మురుగు గొట్టం కలిసే చోటికి దిగువన పాత చాకిరేవు ఉంటే, అందరినీ అక్కడికి తోలుకుపోయాను. విశ్వాసం ఉంటే ఏ నీళ్ళయితే ఏమిటని పాస్టరుగారికే కబుర్లు చెప్పాను.

దారిలో చాకలి మణెమ్మ ఎదురొచ్చింది. “ఆ రేవులో దిగొద్దండీ. నేను ముంచింది ఒక చీరండీ, చేతికొచ్చింది ఇంకోటి. ఆ రోజే మానేశా,” అంది. నేను నవ్వేశాను.

రేవులో కుళ్ళిన గుడ్ల కంపు. నీళ్ళు కాలిన ఇంజన్ ఆయిల్‌లా ఉన్నాయి. పాస్టరుగారు నడుం లోతుకు దిగారు. ముంచిన చేతి వేళ్ళు కనబడటం లేదు. తెల్లచీరలో జీవరత్నం మెట్టు మీదే ఆగిపోయింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఈ నీళ్ళు వద్దు నాన్నా.”

“నోర్మూసుకుని దిగు,” అన్నాను. నా కూతురితో నేనన్న ఆఖరి మాట అదే.

పాస్టరుగారు దాన్ని ముంచారు. లేపబోయారు... ఆయన చేతులు ఖాళీగా వచ్చాయి.

పాట ఆగిపోయింది. ఒక బుడగ... కాసేపటికి ఇంకోటి...

దూకాను. అడుగున బురదలో మోకాళ్ళ దాకా దిగబడ్డాను. అందులో ఏవో వేళ్ళు నా మడమను తడిమాయి. పట్టుకున్నాయి. వదిలేశాయి...

అప్పుడు మెట్ల దగ్గర లేచింది జీవరత్నం. తనంతట తనే. దగ్గలేదు. ఆ నీళ్ళే దోసిట్లోకి తీసుకుని, ఇష్టంగా తాగింది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

మంగళవారం కంకిపాడు వైపు లాకుల దగ్గర ఆడపిల్ల శవం తేలింది. బాప్తిస్మానికి కట్టినట్టు తెల్లచీర ఉందని పోలీసులు సంఘాల పెద్దల్ని పిలిపించారు. గట్టు మీద పడుకోబెట్టారు. ముఖం ఉబ్బిపోయింది, నోటి నిండా నల్లబురద. అయినా కన్నవాడికి తెలియదా? ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. మూడేళ్ళప్పుడు పోగు లాక్కుని చీల్చుకుంది. కొంగు ఇంకా గుప్పిట్లోనే ఉంది.

“మీ పిల్లేనా అండీ?” అని అడిగాడు కానిస్టేబుల్.

అవునంటే, ఇంట్లో నా భార్య సంపూర్ణమ్మ పొద్దున తల దువ్వింది ఎవరికి? పైగా సొలొమోను పక్కనే నిలబడి నా ముఖంలోకే చూస్తున్నాడు. ఏ రేవులో దించావని అడుగుతాడు.

“కాదండీ,” అన్నాను.

దిక్కులేని శవమని లాకుల పక్కనే, ఎర్రమట్టి పోసిన గట్టులో గుంట తీసి పూడ్చారు. ప్రార్థన కూడా సొలొమోనే చేశాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అంత నీచుణ్ణి నేను.

దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరాను. గడపలోనే ఆ కంపు. అది గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. గొంతు మా పిల్లదే.

“పూడ్చేశావా నాన్నా?”

నేను చెప్పులు విడిచాను.

అది లేచి వచ్చి నా చెవి దగ్గరికి వంగింది. “దానికి ఇప్పుడే మెలకువ వచ్చింది,” అంది గుసగుసగా. “నిన్నే పిలుస్తోంది...”

పలుగు తలుపు మూలనే ఉంది. లాకులకు సైకిలు మీద గంటలో పోవచ్చు. కానీ పోతే తవ్వాలి. తవ్వితే అందరికీ చెప్పాలి.

సంపూర్ణమ్మ అన్నానికి పిలిచింది. కాళ్ళు కడుక్కుని దాని పక్కనే కూర్చున్నాను. అది కంచంలో చెయ్యి పెట్టింది. గోళ్ళ నిండా తడి ఎర్రమట్టి. అది నెమ్మదిగా ముద్దలు కలుపుకుంటూ ఉంటే, గుంటలో మట్టిని గీకుతున్నట్టే గోళ్ళు ఒక్కొక్కటే విరిగి అన్నంలో పడుతున్నాయి...

పదోది పడేదాకా నేను లేవలేదు.