మీ పళ్ళు సిద్ధంగా ఉన్నాయి

ఆదివారం పిన్ని నడిపే పళ్ళ ఆసుపత్రికి సెలవు. ఆ రోజైతే రోగుల గోల ఉండదని బుడ్డి మధ్యాహ్నం భోజనం చేసి మరీ వచ్చింది. గుమ్మానికి తల కొట్టుకునేంత పొడుగు మనిషి. అయినా చిన్నప్పుడు పిన్ని పెట్టిన పేరు వదల్లేదు.

పని చిన్నదే. రోగులకు రావలసిన తేదీ గుర్తుచేసే ఈమెయిళ్ళు ఎనిమిది నెలలుగా ఒక్కటీ వెళ్ళడం లేదు.

"ఫోన్లు చేసి చేసి గొంతు పోతోందే. నువ్వు రోజూ చేసే పనేగా, కాస్త చూసిపెట్టు," అంది పిన్ని.

మెయిళ్ళు పంపే సర్వరు నేలమాళిగలో ఉంది. కిటికీ లేని గది. ఒక మూల కంప్యూటరు. దాని పక్కనే ఒక తొట్టి. పైన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ నోళ్ళలోంచి గొట్టాలు పీల్చిందంతా ఇందులోకే వచ్చి చేరుతుంది. మూత బిగించే ఉంది కానీ వాసనకు మూతేమిటి? పాచి నోరు, పుచ్చిన పన్ను, నిలవ నెత్తురు, వాటి మీద చల్లిన మందు... అన్నీ కలిపి ఊరబెట్టినట్టుంది. కీబోర్డు ముట్టుకుంటే వేళ్ళకు జిడ్డు తగిలింది.  బుడ్డి చున్నీ ముక్కుకు కట్టుకుని కూర్చుంది.

ముందు నెట్‌వర్కు తీగ పీకేసింది. పరీక్షించేటప్పుడు పొరపాటున నిజం రోగులకు మెయిళ్ళు పోకూడదు. పంపినవన్నీ బయటికి వెళ్ళకుండా అదే మిషన్లో ఒక ఫోల్డర్లో పడేలా మార్చింది. పోర్టు నంబరు సరిగ్గానే ఉంది. పాస్‌వర్డూ సరైనదే. తప్పులు రాసుకునే లాగ్ ఫైలు తెరిస్తే అసలు సంగతి బయటపడింది. జాబితాలో మొట్టమొదటి చిరునామా మధ్యలో ఒక ఖాళీ జాగా పడింది. స్క్రిప్టు దాన్ని మింగలేక కక్కలేక అక్కడే ఆగిపోతోంది. వెనకున్న నాలుగు వందల మందీ ఆ ఒక్కడి వెనకాల నిలబడిపోయారు.

"ఓస్, ఇంతేనా!" అనుకుని ఖాళీ చెరిపేసి, ముందు ఆ ఒక్కడికే పంపి చూద్దామని మీట నొక్కింది.

ఫోల్డర్లో మెయిలు పడింది. తెరిచి చూసింది. 'టైలరు గారికి, మీ పళ్ళు సిద్ధంగా ఉన్నాయి. దయచేసి వచ్చి తీసుకెళ్ళండి.'

దాని కింద ఇంకొకటి పడింది.

'వస్తున్నాను.'

బుడ్డి కిందికి చూసింది. పీకేసిన తీగ నేల మీదే ఉంది. అయినా అది పంపిన మెయిళ్ళు దాచుకునే ఫోల్డరు. జవాబులు వచ్చే దారే లేదు. తనే ఎక్కడో తప్పు చేసి ఉంటాననుకుని ఆ జవాబును చెరిపేసింది. మరొకటి వచ్చింది.

'మూత బిగించి ఉంది.'

పక్కన తొట్టిలో గుటుక్కుమంది... ఎవరో ఉమ్మి మింగినట్టు.

గొట్టాలతో పీల్చే మోటారు ఆపేసి ఉంది. అయినా గొట్టాలు వణికాయి. మూత అంచుల్లోంచి గులాబి రంగు నురగ పొంగింది. తీగలు తీగలుగా కారి, బల్ల కాలు వెంట పాకి, ఆమె చెప్పులోకి జారింది. వెచ్చగా ఉంది. అప్పుడే నోట్లోంచి వచ్చినంత వెచ్చగా...

బుడ్డి ఒక్క పరుగున మెట్లెక్కింది. చెప్పు కిందే ఉండిపోయింది.

"ఆ టైలరు ఎవరు పిన్నీ?"

పిన్ని మొహంలో రంగు మారింది. "పోయాడే. కట్టుడు పళ్ళ సెట్టు తయారై రావడానికి వారం ముందే పోయాడు." గొంతు తగ్గించింది. "ముందు పళ్ళు గట్టివే. దారం వాటితోనే తెంపుతానమ్మా, వాటిని వదిలెయ్యండి అని బతిమాలాడు. అన్నీ తీసేస్తే సెట్టు కుదురుగా కూర్చుంటుందని... తీసేశాను."

"ఆ పీకిన పళ్ళు ఎక్కడ పారేశావు?"

 పిన్ని బీరువాలోంచి సెట్టున్న చిన్న డబ్బా తీసుకుని మెట్ల వైపు నడిచింది. ఒంటరిగా పంపలేక బుడ్డి వెనకాలే దిగింది.

మూత మరలు వాటంతటవే ఊడి నేల మీద పడి ఉన్నాయి. పిన్ని చెయ్యి చాచి సెట్టును తొట్టి అంచున పెట్టింది.

మూత లేచింది.

లోపల మొహం లేదు. నోరే ఉంది. తొట్టంత నోరు. పళ్ళు లేని చిగుళ్ళు, ఉడికిన మాంసంలా తెల్లగా ఉబ్బి, ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. చిగుళ్ళ గుంటల్లో పాత దూది ముక్కలు కుళ్ళి వేలాడుతున్నాయి. అది సెట్టును అందుకుంది. చప్పరించింది. నమిలి చూసింది...

తూ!

సెట్టు వచ్చి పిన్ని చెంపకు తగిలింది. దాంతోపాటు వచ్చిన జిగురు ఆమె కళ్ళలో, పెదవుల మీద, తెరిచి ఉన్న నోట్లో పడింది.

తెర మీద కొత్త మెయిలు వెలిగింది. 'ఇవి నావి కావు.'

బుడ్డి పిన్నిని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. తలుపుకు తాళం వేసింది. పిన్ని చేతులు కడుక్కునే చోట వంగి వాంతి చేసుకుంది. పుక్కిలించింది, మళ్ళీ వాంతి చేసుకుంది.

"మా ఇంటికి రా పిన్నీ."

"వద్దే. నువ్వు వెళ్ళు. నేను కాసేపు పడుకుంటాను."

బుడ్డి ఇంటికెళ్ళి మూడుసార్లు స్నానం చేసింది. పాదాన్ని ఇటుక ముక్కతో తోమింది. చర్మం లేచింది కానీ జిగురు పోయినట్టనిపించలేదు. అన్నం ముందు కూర్చుంటే తన నోట్లో తనకు ఊరే ఉమ్మే అసహ్యంగా తోచింది.

తెల్లవారగానే ఫోన్ చేసింది. చాలాసేపటికి పిన్ని ఎత్తింది.

"ఎలా ఉన్నావు పిన్నీ?"

"అంహా బాగానే ఉందమ్మా. నువ్వు... హిన్నావా?"

మాట నోట్లోంచి గాలిలా జారిపోతోంది. 'త' పలకడం లేదు.

"పిన్నీ, నీ పళ్ళు..."

 పిన్నికి బాగా దగ్గరగా, ఫోన్ పక్కనే, ఎవరో గట్టి వస్తువేదో తీరిగ్గా, ఇష్టంగా కరకరమని నములుతున్నారు.

"ఎవరున్నారు పిన్నీ అక్కడ?"

"ఎవరూ లేరమ్మా," అంది పిన్ని.

నమలడం ఆగలేదు.