తొంభై ఆరు మార్కుల నొప్పి

2078 నాటికి నర్సింగు చదివినవాళ్ళకు ఆఖరి పరీక్ష కాగితం మీద కాదు, రోగి మంచం పక్కనే జరిగేది. దానికి వాడే యంత్రం పేరు సహవేదిని. రోగి మణికట్టుకో పట్టీ, నర్సు మణికట్టుకో పట్టీ. రోగి నరాల్లో పుట్టే సిగ్నళ్ళను సెన్సర్లు పట్టుకుని, ఆ నొప్పిలో పదోవంతు నర్సుకు పంపుతాయి. ఎదుటివారి బాధను నర్సు ఎంత తనదిగా అనుభవిస్తే తెర మీద అన్ని మార్కులు. తొంభై దాటితేనే ఉద్యోగం ఖాయం.

హెప్సిబా ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి అవకాశం.

మంచం మీద గవరమ్మ. కాలిన కాలికి వేసిన కట్టు పుండుకు అంటుకుపోయింది. సెలైన్‌తో బాగా నానబెట్టి మెల్లగా తియ్యాలని హెప్సిబాకు తెలుసు. నానబెడుతుంటే ముసలామె నొప్పి తగ్గింది. దాంతో తెర మీద అంకె ఎనభై నాలుగు దగ్గరే ఆగిపోయింది. హెప్సిబా సీసా పక్కన పెట్టేసి, గుడ్డ కొస పట్టుకుని లాగింది.

"అమ్మో!" అని కేక పెట్టింది గవరమ్మ. హెప్సిబా కాలు కూడా చురుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంకె తొంభై ఆరుకు ఎగబాకింది.

"శభాష్!" అన్నాడు తెర వంకే చూస్తున్న డాక్టర్ ఫణీంద్ర, సహవేదినిని తయారుచేసింది ఆయనే. "చూశావా మామ్మా, నీకోసం ఎలా ఏడుస్తోందో!"

"ఏటో బాబూ," అంది గవరమ్మ రొప్పుతూ. "గుడ్డ లాగినప్పుడు ఓపక్క పేనం పోతంటే, లోపల మాత్రం ఏదో గెలిసినట్టు సంబరంగా ఉంది. ఇదేం సంబరం?"

ఫణీంద్ర నొసలు చిట్లించాడు. "నర్సు వైపు సిగ్నల్ వెనక్కి లీకవుతోందా? కానీ ఈ అమ్మాయికి సంతోషమెందుకుంటుంది! మెషీన్ లోపమే. రేపే ఆ దారి మూసేస్తాను. నీ మార్కులకేం ఢోకా లేదమ్మా."

హెప్సిబా తల వంచుకుంది. ఒక్క నిమిషం నోరు మెదపకపోతే చాలు. పొద్దున ప్రార్థనలో అడిగింది ఈ ఉద్యోగమే. దేవుడు ఇచ్చాడనుకోవడమేనా? ఇలాగా ఇచ్చేది?

గవరమ్మ చెంపలు తడుముకుంది. "ఇదేటమ్మా, మొకం మండిపోతంది! తలెత్తలేకపోతన్నాను. నానేం తప్పు సేసినాను? నాకింత సిగ్గేటి?"

"అది నీది కాదు మామ్మా, నాది." హెప్సిబా ఫణీంద్ర వైపు తిరిగింది. "సార్, మెషీన్‌లో లోపం లేదు. నా మార్కులు కొట్టెయ్యండి. ఆ దారి మాత్రం మూయకండి."