మతి లేదని రాయించిన రోజు

అద్దంలో తెల్ల కారు!

మళ్ళీ అదే.

"అన్నా, జర తొందరగ పోనీ!" గ్లోరీ తొందరపెడుతుంది.

"ఇది ఆటో చెల్లె, ఇమానం కాదు!" అంటూనే నాగేందర్ వేగం పెంచుతాడు.

మర్రిగూడ ఎప్పుడో వెనకబడింది. పదిన్నరకు నల్లగొండ కోర్టులో ఉండాలి.

గ్లోరీ పక్కన తమ్ముడు. ముప్పై రెండేళ్ళ మనిషి. కారును చూసి సీటు కిందికి జారిపోతున్నాడు. నోట మాట లేదు.

నాలుగు నెలలుగా లేదు.

ఆ రోజు అమ్మా తమ్ముడూ ఫిల్టర్ నీళ్ళకు పోయారు. తమ్ముడొక్కడే క్యాన్ మోసుకుంటూ తిరిగొచ్చాడు. అమ్మ రోడ్డు మీద... ఏదో బండి గుద్ది అక్కడికక్కడే పోయింది. ఎస్ఐ దివాకర్ వచ్చి రెండు ప్రశ్నలడిగాడు. జవాబు రాలేదు. వెళ్ళిపోయాడు.

గ్లోరీ ఏడవలేదు. ఇప్పటికీ ఏడుపు రాదు. అన్నం తింటుంది. రుచి తెలియదు.

మూడో దినం నాడే చిన్నాయిన విజేందర్ మాట తెచ్చాడు.

"పిలగానికి మతి పోయింది బిడ్డా. కోర్టుల గార్డియన్ పిటిషన్ ఎయ్యి. నువ్వెయ్యకుంటే నేనేస్త. నా ఇంట్లనే పెట్టుకుంట."

ఆ ఇంటి గడప తొక్కితే తమ్ముడు మళ్ళీ బయటికి రాడు! ఇప్పటికే రెండుసార్లు ఆ తెల్ల కారులోకి లాగబోయాడు చిన్నాయిన. ఎందుకో చెప్పడు.

అందుకే ఆమే వేసింది.

తమ్ముడికి మతి ఉంది. పోయింది మాట ఒక్కటే. అది ఆమెకు తెలుసు. కాగితం మీద మాత్రం మతి లేదని రాయించింది. తమ్ముడు దక్కాలి. అంతే.

తమ్ముడు ఆమె కొంగులో మొహం దాచుకున్నాడు.

"వాపస్ తిప్పన్నా. ఇయ్యాల వద్దు."

ఆటో తిరుగుతుంది... కీచుమని బ్రేక్!

కారు రోడ్డుకు అడ్డం!

"ముందుకే! ముందుకే పో!"

మళ్ళీ నల్లగొండ దారి. కారు వెనకే. దగ్గరికి రాదు. దూరం కాదు.

పదిన్నర. కోర్టు మెట్లు.

"భిక్షపతీ! భిక్షపతీ!" బంట్రోతు కేక. "ఎన్నిసార్లు పిలవాలమ్మా? ఇది గొంతా, మైకా?"

"వచ్చినం సార్! వచ్చినం!"

జడ్జి కాగితాలు పక్కన పెడతాడు. తమ్ముడి వైపు చూస్తాడు.

"నీ పేరేంటయ్యా?"

ఫ్యాన్ చప్పుడు.

జడ్జి తొందరపడడు. ఎదురుచూస్తాడు. నాలుగు నెలల్లో ఎవరూ అలా ఎదురుచూడలేదు. గ్లోరీ కూడా.

"డే... డేవిడ్."

గ్లోరీ చివ్వున తమ్ముడి వైపు తిరుగుతుంది. మాట వచ్చింది!

"భిక్షపతి కదా?"

"కాదు సార్. డేవిడ్."

బడిలో, సర్టిఫికెట్లలో భిక్షపతి. చర్చిలో, ఇంట్లో డేవిడ్. వాళ్ళ వాడలో సగం మందికి రెండేసి పేర్లు. ఒక్క మాట చెబితే జడ్జికి అర్థమవుతుంది.

చెబితే పిటిషన్ నిలవదు.

గ్లోరీ పెదవి కదపదు.

"సొంత పేరు కూడా తెలియడం లేదు" అంటాడు జడ్జి, జాలిగా. మెడికల్ బోర్డు రిపోర్టు ఉంది. అడ్డుచెప్పేవాళ్ళు లేరు. సంతకం!

తమ్ముడు దక్కాడు.

వరండాలోకి వస్తారు. ఎస్ఐ దివాకర్ వేరే కేసు పని మీద వచ్చి అక్కడే నిలబడి ఉన్నాడు. గేటు దగ్గర తెల్ల కారు ఆగి ఉంది. విజేందర్ దిగాడు.

డేవిడ్ ఒక్క ఉదుటున ఎస్ఐ చెయ్యి పట్టుకుంటాడు.

"సార్! మా అమ్మను గుద్దింది గా బండే! నడిపింది మా చిన్నాయిన! నేను చూసిన!"

వరండాలో జనం ఇటే తిరుగుతారు.

ఎస్ఐ పుస్తకం తీస్తాడు. విజేందర్ నింపాదిగా దగ్గరికి వస్తాడు. నవ్వుతాడు.

"రాసుకుంటవా సారూ? రాసుకో. గీనికి మతి లేదని గిప్పుడే కోర్టు చెప్పింది. అడిగింది నేను గాదు. గీని సొంత అక్క!"

గ్లోరీకి ఇప్పుడు అర్థమవుతుంది.

ఆయన తరిమింది ఆపడానికి కాదు... కోర్టుకు తోలడానికి!

ఎస్ఐ కలం ఆగింది.

"ఏమమ్మా? నీ తమ్మునికి మతి లేదా?"

ఉందంటే... ఆర్డర్ పోతుంది. అబద్ధపు పిటిషన్ వేసినందుకు ఆమె జైలుకు. తమ్ముడు చిన్నాయిన చేతికి. లేదంటే... అమ్మను చంపినవాడు కారెక్కి పోతాడు.

డేవిడ్ ఆమెనే చూస్తున్నాడు.

"చెప్పు బిడ్డా" అంటాడు విజేందర్. "టైం పోతాంది."

గ్లోరీ ఎస్ఐ ముందుకు వస్తుంది.

"ముందుగాల నేను చెప్పేది రాసుకోండి సార్."

"పేరు?"

"కాగితం మీద సోమమ్మ. పిలిచేది గ్లోరీ. నా తమ్మునికి గూడ గట్లనే రెండు పేర్లున్నయి."

విజేందర్ నవ్వు ఆగింది.

"జడ్జి సారుకు చెప్పలే. ఎరికుండి గూడ చెప్పలే. వానికి మతి ఉంది సార్... అబద్ధమాడింది నేను. రాయండి!"